పాజిటివ్ అని రాస్తే సరిపోదు

సంపాదకులకు,

కోళ్లకు కొక్కెర తెగులు (న్యూకాజిల్ వైరస్ వల్ల వచ్చే జబ్బు) వచ్చిందన్న వార్తల్లో ఎన్ని కోళ్లు చనిపోయాయో ఉంటుంది కానీ, ఆ వైరస్ ఎంత తీవ్రమైనదో ఉండదు. కోళ్లు పెంచే మాకు ముందు తెలియాల్సింది అదే.

పోయిన బ్యాచ్‌లో మా కోళ్లు కొన్ని మెడలు మెలితిరిగి, ఆకుపచ్చగా పారుకుంటూ పడిపోయాయి. శాంపిల్ పంపిస్తే 'న్యూకాజిల్ వైరస్ పాజిటివ్' అని ఒక్క ముక్క రాసిచ్చారు. మేం వేసే లసోటా టీకాలో ఉండేదీ బతికున్న న్యూకాజిల్ వైరసే. టీకా వేసిన కొత్తలో ఆరోగ్యంగా ఉన్న కోడికీ పాజిటివ్ రావచ్చు. మరి మా కోళ్లను చంపింది ఆ తెగులేనా, బర్డ్ ఫ్లూనా? పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

తీవ్రత కొలిచే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. రోజు వయసున్న పది కోడిపిల్లల మెదడులోకి వైరస్ ఎక్కించి ఎనిమిది రోజులు గమనిస్తారు. బాగుంటే 0, జబ్బుపడితే 1, చనిపోతే 2. సగటు 0.7 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన రకమని ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పిల్లల సంగతి తలచుకుంటే నాకు మనసొప్పదు. ఇప్పుడు వాటిని చంపకుండానే జన్యు పరీక్షతో తేల్చవచ్చు. వైరస్ కణంలోకి దూరాలంటే దాని మీది ఎఫ్ ప్రోటీన్ చీలాలి. ఆ చీలే చోటు ఎలా ఉందో చూస్తారు. బలహీన రకంలో దాన్ని ఊపిరి దారిలో, పేగుల్లో ఉండే ఎంజైములే కోయగలవు, కాబట్టి వైరస్ చాలావరకు అక్కడే ఆగిపోతుంది. తీవ్ర రకంలో ఒళ్లంతా ఉండే ఎంజైములు కోసేస్తాయి. అది మెదడు దాకా పాకుతుంది.

మా రైతుల తప్పూ ఉంది. కుళ్లిపోయిన కోడిని సంచిలో వేసుకుని వెళ్తే ల్యాబ్ వాళ్లు మాత్రం ఏం చేస్తారు? జబ్బుతో ఉన్నదాన్నో, అప్పుడే చనిపోయినదాన్నో ఐస్ పెట్టి అదే రోజు చేర్చాలి. రిపోర్టు వచ్చేలోపు టెన్షన్‌తో మిగతా కోళ్లను అమ్మేస్తే వైరస్‌ను మనమే పక్క షెడ్డుకు పంపినట్టు.

పశువైద్య అధికారులను కోరేది ఇంతే. ప్రతి రిపోర్టులో అది టీకా వైరసో తీవ్ర రకమో, బర్డ్ ఫ్లూ పరీక్ష చేశారో లేదో రాయించండి. ఫలితం తేలేదాకా షెడ్డులో ఏం చేయాలో ఆ రోజే ఫోన్ చేసి చెప్పించండి.

– ఒక కోళ్ల రైతు