కంపాషన్‌కు ఏ మాట వాడాలి?

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి తల్లికి అమ్మ ఆశీస్సులు.

ప్యాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే వైద్యం) నర్సుల కోసం నువ్వు తెలుగు చేస్తున్న చేతిపుస్తకం మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. ఇంగ్లీషులో ‘కంపాషన్’ ఉన్నచోటల్లా నువ్వు ఒకసారి కరుణ, ఒకసారి దయ, ఇంకోసారి జాలి, మధ్యలో సానుభూతి అని మార్చి మార్చి రాశావు. ఒకే మాట పదేపదే రాస్తే మార్కులు తగ్గుతాయని బళ్ళో అంటించిన అలవాటది. వ్యాసానికి సరిపోతుందేమో గానీ, నైట్ డ్యూటీలో నర్సు చేతిలో ఉండే పుస్తకానికి పనికిరాదు. ఈ మాటలు ఒక్కొక్కటీ ఒక్కో దారిన వచ్చి, ఒక్కో బరువు మోస్తున్నాయి.

దయతో మొదలుపెడతాను. వేదకాలపు సంస్కృతంలో ‘దయ్’ ధాతువుకు పంచిపెట్టడం, వాటా ఇవ్వడం అనే అర్థం ఉంది. మనసు కరగడం అనే అర్థం తర్వాత పైకొచ్చింది. బృహదారణ్యకోపనిషత్తు అయిదో అధ్యాయంలో ప్రజాపతి ‘ద’ అని ఒక్క అక్షరమే పలుకుతాడు. అదుపులో ఉండమన్నాడని దేవతలు, దానం చెయ్యమన్నాడని మనుషులు, దయ చూపమన్నాడని అసురులు అర్థం చేసుకుంటారు. దయ పాఠం హింసించే స్వభావం ఉన్నవాళ్ళకు వచ్చిందన్నది గుర్తుంచుకో, తర్వాత పనికొస్తుంది. అశోకుడు రెండో స్తంభశాసనంలో ధర్మమంటే ఏమిటో చెబుతూ దయ, దానం, సత్యం, శౌచం అని వరసపెట్టాడు. ఆ దయ ఎలా ఉంటుందో చూడాలంటే రెండో శిలాశాసనం చదవాలి: మనుషులకూ పశువులకూ వేర్వేరుగా వైద్యం, మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించడం, దారి వెంట బావులు తవ్వించడం.

అంత ఘనమైన మాట మన నోళ్ళలో నలిగి నలిగి అరిగిపోయింది. ‘దయచేసి చెప్పులు బయట విడవండి’లో దయ ఎంతుందో నీకు తెలుసు. గుమ్మంలో ఉన్నవాళ్ళను ‘దయచేయండి’ అంటే లోపలికి రమ్మని. కాస్త గొంతు మార్చి ‘ఇక దయచేయండి’ అంటే లేచి వెళ్ళమని! ఇలాంటి మాటను సాంకేతిక పదంగా నిలబెట్టడం కష్టం.

జాలి మంచి తెలుగు మాటే. చిక్కల్లా అది పైనుంచి కిందికి చూస్తుంది. ‘మీ జాలి నాకక్కర్లేదు’ అనే రోగి ఉంటాడు గానీ ‘మీ ఆదరణ అక్కర్లేదు’ అనేవాడు అరుదు. ‘పాపం’ సంగతి ఇంకా చిత్రం. చేసిన చెడ్డపనికీ, ఎదుటివాడి కష్టం చూసి అనే మాటకీ మనకు ఒకటే శబ్దం. మంచం పక్కన నిలబడి ‘అయ్యో పాపం’ అంటే ఏ పాపం చేశానో అని రోగి లెక్కపెట్టుకుంటాడు. నీ మూడో అధ్యాయంలోని మాదిరి సంభాషణలో ఆ మాట రెండుచోట్ల ఉంది, తీసెయ్యి. ‘అక్కట’ అనే ఏడుపుమాట నుంచి పాతకాలంలో అక్కటికం అనే చక్కని మాట పుట్టింది, దయ అనే అర్థంలో. ఇప్పుడు నిఘంటువుల్లో తప్ప లేదు, వదిలేద్దాం.

కనికరం మన ప్రాంతంలో చర్చిల వల్ల బాగా బతికింది. ‘కనికరముగలవారు ధన్యులు’ అన్న బైబిలు వాక్యం తెలియని వీధి గుంటూరులో ఉండదు. మంచి సమరయుడి కథలో గ్రీకు మూలం వాడిన క్రియ పేగులనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. హీబ్రూలో ‘రహమీమ్’, అరబ్బీలో ‘రహ్మత్’ గర్భాశయం అనే మాటతో ఒకే ధాతువు పంచుకున్నాయి. మనమూ ‘కడుపు తరుక్కుపోయింది’, ‘పేగు కదిలింది’ అంటాం. ఇంగ్లీషు మాట మాత్రం పొత్తికడుపు దాకా పోలేదు. లాటిన్‌లో ‘కలిసి బాధపడటం’ అనే క్రైస్తవ పండితుల మాట ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట్లో నిజంగానే తోడుగా బాధ అనుభవించడమనే అర్థంలో కూడా వాడారు. ఆ అర్థం చచ్చిపోయి, బాధ తీర్చాలన్న కోరిక మిగిలింది.

ఇక కరుణ. నీ పుస్తకానికి ముఖ్యమైంది ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు.

తెలుగులోకి కరుణ రెండు దారుల్లో వచ్చింది. ఒకటి నాటకశాల దారి. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో కరుణరసానికి స్థాయీభావం, అంటే మూలంలో నిలిచే భావం, శోకం; రంగు పావురాయి బూడిద, అధిదేవత యముడు. ప్రేక్షకుడి కళ్ళు చెమరిస్తే రసం పండినట్టు. రెండోది బౌద్ధుల దారి. మైత్రి, కరుణ, ముదిత (ఎదుటివాడి మేలుకు సంతోషించడం), ఉపేక్ష (పట్టించుకోకపోవడం కాదు, సమభావం) అని నాలుగు మనోభావాలు. యోగసూత్రాల్లో కూడా ఇవే నాలుగూ ఉన్నాయి: సుఖంలో ఉన్నవాడి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాడి పట్ల కరుణ. (అమరావతి ఫలకం మీద మదపుటేనుగును బుద్ధుడు కరుణతో లొంగదీశాడని గైడ్లు చెబుతుంటారు. పాళీ మూలంలో ఉన్నది మైత్రి. ఎదుటివాడికి బాధ ఉంటేనే కరుణకు పని.)

5వ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడు రాసిన బౌద్ధ సాధన గ్రంథం విశుద్ధిమగ్గం తొమ్మిదో అధ్యాయం ఈ మాటను మందుల చీటీలా విడదీసి చెబుతుంది. కరుణ లక్షణం: ఎదుటివాడి దుఃఖాన్ని తొలగించే దిశగా సాగడం. దాని పని: ఆ దుఃఖాన్ని చూసి ఓర్చుకోలేకపోవడం. పైకి కనిపించే రూపం: హింస లేకపోవడం (అసురులకు వచ్చిన దయ పాఠం గుర్తుందిగా). దగ్గరి కారణం: దుఃఖంలో మునిగినవాడి దిక్కులేనితనం కంటపడటం. సఫలమైందనడానికి గుర్తు: హింసాభావం చల్లబడటం. విఫలమైందనడానికి గుర్తు: శోకం పుట్టడం.

ఆ చివరి మాట దగ్గర ఆగు. నాటకశాలలో ఏది గెలుపో, ఇక్కడ అది ఓటమి. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం, దగ్గరి శత్రువు శోకం అంటుంది ఆ గ్రంథం. క్రూరత్వం ఎదురుగా వస్తుంది కనుక గుర్తుపడతాం. శోకం కరుణ వేషంలోనే వస్తుంది, అందుకే ప్రమాదం. మన చెవిలో ఈ రెండు కరుణలూ కలిసిపోయాయి. మన గుంటూరు కవి జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి కలంపేరు చూడు, కరుణశ్రీ. బుద్ధుడి కథ చెప్పిన ఆయన కావ్యం పేరూ అదే. ఆయన్ని ఇంటింటికీ చేర్చిందేమో ఘంటసాల గొంతులోని ‘పుష్పవిలాపం’. కాబట్టి నువ్వు ‘రోగి పట్ల కరుణతో ఉండండి’ అని రాస్తే సగంమంది నర్సులు ‘కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి కాబోలు’ అనుకుంటారు. మిగతా సగం అమ్మవారు భక్తుణ్ణి కరుణించినట్టు అనుకుంటారు.

సాధన క్రమం కూడా ఆ గ్రంథంలో ఉంది. మైత్రిని తనతోనూ, తర్వాత ఇష్టమైనవాళ్ళతోనూ మొదలుపెట్టమంటే, కరుణను మాత్రం కష్టాల్లో చితికిపోయినవాడితో మొదలుపెట్టమంటుంది. అలాంటివాడు దొరక్కపోతే, ఇప్పుడు సుఖంగానే ఉన్నా చెడ్డపనులు చేస్తున్నవాణ్ణి తలుచుకోమంటుంది. ఆ తర్వాతే ఇష్టుడు, తటస్థుడు, చివర శత్రువు. మొదటే సొంతవాళ్ళను తలుచుకుంటే శోకంలోకి జారతాం. వార్డులో సొంత తల్లి పోలికలున్న రోగి దగ్గర నర్సులు ఎందుకు తడబడతారో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆచరణకు బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడి రత్నావళి చూడు. శాతవాహన రాజుకు చెప్పిన హితవని సంప్రదాయం. శూన్యత, కరుణ అని పెద్ద మాటలు చెప్పిన మనిషే, చలివేంద్రాల్లో ఏమేం ఉంచాలో జాబితా ఇస్తాడు: చెప్పులు, గొడుగులు, నీళ్ళు వడగట్టే గుడ్డ, ముళ్ళు తీసే చిమటా, సూది, దారం, విసనకర్ర, త్రిఫలాలు, త్రికటుకాలు, తేనె, కంటిమందు. ఖైదీలకు మంగలి, స్నానం, తిండి, మందులు, బట్టలు అందాలంటాడు. చీమల పుట్టల దగ్గర కూడా నూకలు, చక్కెర పెట్టించమంటాడు. ఎక్కడా రాజును ఏడవమనలేదు.

‘కంపాషన్ ఫెటీగ్’ను, అంటే రోగుల బాధ చూసీ చూసీ సేవ చేసేవాళ్ళు అలసిపోవడాన్ని, నువ్వు ‘కరుణ అలసట’ అన్నావు. ఆ ఇంగ్లీషు మాట 1992లో ఒక నర్సింగ్ పత్రికలో వచ్చి పాకింది. పైన చెప్పిన లెక్కలో కరుణ అలసిపోదు, అలిసేది శోకం. 2014లో మెదడు పరిశోధకులు ఓల్గా క్లిమెకి, టానియా సింగర్ బృందం ప్రచురించిన ప్రయోగమూ దాదాపు ఇదే చెప్పింది. ఎదుటివాడి బాధను తమలో మోగించుకోవడం నేర్పితే మనుషులు కుంగారు. అదే మనుషులకు తర్వాత, మేలు కోరే కరుణను అభ్యాసం చేయిస్తే తేరుకున్నారు. మెదడులో కదిలిన భాగాలు కూడా వేరు. అందుకని అక్కడ ‘పరదుఃఖపు అలసట’ అని పెట్టు. కొంచెం బరువుగా ఉన్నా అబద్ధం చెప్పదు.

మరో హెచ్చరిక. శీర్షికలో ‘కారుణ్య చికిత్స’ అన్నావు, వెంటనే మార్చు. పేపర్లు చదివేవాళ్ళకు ‘కారుణ్య’ అనగానే కారుణ్య మరణం గుర్తొస్తుంది, లేకపోతే తండ్రి పోయాక కొడుక్కి ఇచ్చే కారుణ్య నియామకం. మీ వైద్యం మరణాన్ని తొందరపెట్టదు, వాయిదా వెయ్యదు అని మొదటి పేజీలో చెప్పి, అట్ట మీద ఆ మాట పెడితే రోగి బంధువులు భయపడి మంచం ఖాళీ చేస్తారు.

నా సలహా ఇది. సిద్ధాంతం చెప్పే రెండో అధ్యాయంలో మాత్రమే ‘కరుణ’ వాడు, అదీ ‘బాధను తగ్గించాలన్న పూనిక’ అని మొదట్లోనే నిర్వచనం ఇచ్చి. మిగతా పుస్తకమంతా ‘ఆదరణ’ అను. ‘ఆస్పత్రిలో ఆదరంగా చూశారు’ అని మనవాళ్ళు రోజూ అనే మాట. పనులు చెప్పేచోట ‘కనిపెట్టుకుని ఉండటం’ అంతకన్నా బాగుంటుంది. నొప్పి 0 నుంచి 10లో ఎంతుందో అడగడం, మార్ఫిన్ ద్రావణం నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా 4 గంటలకోసారి వేళకు ఇవ్వడం, ఎండిన పెదవులు తడపడం, ఇవన్నీ ఆ మాటలో ఇముడుతాయి. ‘సానుభూతి’ని పరామర్శ ఉత్తరాలకు వదిలెయ్యి. ‘ఎంపతీ’కి, అంటే ఎదుటివాడి అనుభవాన్ని తనలో అనుభవించడానికి, ‘సహానుభూతి’ అనకు, ప్రూఫుల్లో ‘హ’ ఎగిరిపోయి సానుభూతి అవుతుంది. ‘తదనుభూతి’ అను. ఆ ఇంగ్లీషు మాటా 1909లో జర్మన్ నుంచి కట్టుకున్నదే, కాబట్టి కొత్తగా ఉందని జంకక్కర్లేదు.

నాలుగో అధ్యాయం పంపేటప్పుడు ఇంగ్లీషు పేజీలు కూడా జతచెయ్యి. ఎక్కడ సింపతీ, ఎక్కడ ఎంపతీ ఉందో చూడకుండా దిద్దలేను. శీర్షిక మార్చేదాకా అట్ట అచ్చుకు ఇవ్వకు.

ఇట్లు,
అమ్మ