స్టీలు డబ్బా అక్కకు

పోయిన నెల ఒకే వారంలో మా ఇంట్లో ముగ్గురూ పడకేశారు. కుక్కపిల్ల బుజ్జికి పార్వో అనే వైరస్ జబ్బు, ముసలి కుక్క రాజాకి గోమార్ల జ్వరం. మగపిల్లి చంటిగాడేమో ఇసుక ట్రేలో ఊరికే కూర్చుని లేస్తున్నాడు. మలబద్ధకమే కదా అని వాణ్ణి ఇంట్లో వదిలేసి పశువుల ఆసుపత్రికి వచ్చాను. (నా తెలివి అంతే!)

సెలైన్ బాటిల్ ఎత్తిపట్టుకుని చెయ్యి పీకుతుంటే మీరొచ్చి అందుకున్నారు. పిల్లి సంగతి చెప్పగానే మీ ముఖం మారిపోయింది. “మగపిల్లికి మూత్రం బిగిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు తమ్ముడూ! పో, తీసుకురా. వీళ్లని నేను చూస్తాలే” అన్నారు. పరిగెత్తాను. డాక్టరుగారు గొట్టం వేస్తే ఎర్రగా వచ్చింది మూత్రం.

తిరిగొచ్చేసరికి మీ కొంగు నిండా బుజ్జి వాంతి. మీరు మాత్రం మందుల చీటీ వెనక గడులు గీస్తున్నారు: రాజాకి డాక్సీసైక్లిన్ 28 రోజులు, అన్నం తిన్నాకే, ఇల్లు ఫినాయిల్‌తో కాదు, బ్లీచింగ్ నీళ్లతో తుడవాలి. ఆ చీటీ ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది.

ముగ్గురూ కోలుకున్నారక్కా. చాలా థాంక్స్. మీ పేరు అడగనేలేదు. నాకు పెరుగన్నం పెట్టిన మీ స్టీలు డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ సంచిలో వేసుకునే వస్తున్నాను.