రాత్రి డ్యూటీ ఆయమ్మకు, ఇంకా చాలామందికి

మా అన్న నిన్న సాయంత్రం డిశ్చార్జ్ అయి హన్మకొండల మా ఇంటికి వచ్చిండు. దగ్గు ఇంకా ఉన్నది, కానీ ఆక్సిజన్ లేకుండ పండుకున్నడు. కండ్లు మూతలు పడుతున్నయి, అయినా ఇది ఇయ్యాల్నే రాయాలె.

తెలియనివాళ్ల కోసం చెప్తున్న. మాది మానసిక దివ్యాంగులైన పెద్దవాళ్లు ఉండే ఇల్లు, వాళ్లతోపాటే మేమూ రాత్రింబవళ్లు అక్కడనే ఉంటం. అన్న అంటే మా తోడబుట్టినోడు కాదు, ఈ ఇంట్ల మాతోని ఉండేటాయన. ఆయనకు 40 ఏండ్లు దాటినయి, మాటలు రావు, ఫిట్స్ ఉన్నయి. తిన్నది ఊపిరితిత్తులకు పోయి నిమ్ము పట్టింది. ఇట్లాంటివాళ్లకు ఇది ఎందుకైతదో అందరికీ తెల్వాలె. నమలడం సరిగ రాదు, మింగుడు ఆలస్యమైతది, దాని మీద ఫిట్స్ గోలీల మత్తు. నీళ్లు, పల్చటి చారు జల్దిన జారి, ఊపిరి గొట్టం మూసుకునేలోపే అందులకు పోతయి. మెత్తగ పిసికిన పప్పన్నం కంటే గ్లాసు నీళ్లతోనే ప్రమాదం ఎక్కువ. నిటారుగ కూర్చోబెట్టి, గదువ కొంచెం కిందికి ఉంచి, చిన్న చెంచాతోని పెట్టాలె. ఒక ముద్ద మింగినట్టు గొంతు కదిలినంకనే ఇంకో ముద్ద. తిన్నంక అరగంట పండబెట్టొద్దు.

దవాఖానల అన్నకు దొరికిన మంచానికి తలవైపు లేపే హ్యాండిల్ లేదు. దిండ్లు పెడితే మెడ ముందుకు పడి ఆయాసం ఇంకా ఎక్కువైంది. చేతి సూది పీకేసిండు, ఆక్సిజన్ మాస్కు పీకేసిండు. చేతులు మంచానికి కట్టేద్దామన్నరు. కడితే భయం పెరుగుతది, భయానికి ఊపిరి వేగమైతది, అప్పుడు ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావాలె. కట్టి ఉన్నప్పుడు ఫిట్స్ వస్తే భుజం జారొచ్చు. చెప్పినం, వినే తీరిక ఎవ్వరికీ లేకుండె.

అప్పుడొచ్చింది ఆ ఆయమ్మ. పేరు రాయొద్దన్నది, రాస్తలేను.

పక్క వార్డుకు పోయి హ్యాండిల్ తెచ్చి, అన్న సగం కూర్చున్నట్టు అయ్యేదాక మంచం తిప్పింది. కిందికి జారకుండ మోకాళ్ల కింద దుప్పటి మడతపెట్టింది. తర్వాత మమ్మల్ని అడగలే, అన్ననే అడిగింది: "అన్నా, జర చెయ్యియ్యరాదె." ఇచ్చేదాక అట్లనే నిలబడ్డది. అన్న ఇచ్చిండు.

అన్న ఎడమచేత్తోని తింటడని చెప్పినంక నర్సమ్మ కుడిచేతికి సూది పెట్టింది (ఇది సూది పెట్టకముందే చెప్పాలె, వాడే చేతికి పెడితే నిలువదు). ఆయమ్మ దాని మీద గాజుగుడ్డ వేసి, మెత్తటి బ్యాండేజీ వేళ్ల మొదలు నుంచి మోచేయి కిందిదాక వదులుగ చుట్టింది. సూది కండ్లకు కనబడకపోతే పీకబుద్ధి కాదు. గోర్లు మాత్రం బయటనే ఉంచింది. గోరు నొక్కి వదిలితే 2 సెకండ్లల్ల మళ్ల ఎర్రబడాలె, లేకుంటే కట్టు బిగుసుకున్నట్టు. గంటకోసారి నర్సమ్మతోని కట్టు విప్పించి వాపు ఉన్నదా చూపించుకోమన్నది. ఆక్సిజన్ ఎంతున్నదో చూసే వేలి క్లిప్పును అడిగి కాలివేలికి మార్పించింది. డాక్టరు సరేనన్నంక మాస్కు బదులు ముక్కు గొట్టం పెట్టిండ్రు. దాన్ని చెంపలకు ప్లాస్టరుతోని అంటించి, చెవుల మీదికెళ్లి తల వెనకకు పంపింది, ముందు వేలాడితే గుంజుతరని. అన్న రెండు చేతులల్ల చుట్టిన న్యాప్కిన్లు పెట్టింది. కండ్ల మీద పడే ట్యూబులైటు ఆర్పింది.

ఒక కాగితం మీద రాసి మంచానికి అంటించమన్నది కూడ ఆమెనే: అవును ఎట్ల అంటడు, వద్దు ఎట్ల అంటడు, నొప్పి ఉంటే ఏం చేస్తడు. అన్న నొప్పికి చెవి మీద కొట్టుకుంటడు. అది చదివినంక ఎవ్వరూ "మొండికేస్తున్నడు" అనలే, నొప్పి మందు అడిగిండ్రు.

ఇవన్ని ఎక్కడ నేర్చుకున్నవమ్మా అంటే, తలకు దెబ్బలు తాకినోళ్ల వార్డుల పని చేసీ చేసీ అన్నది.

దవాఖానల అందరు అన్న ముందటనే మమ్మల్ని అడుగుతరు, "వీనికేమైంది, వీడు తింటడా" అని. ఆమె పొద్దున డ్యూటీ దిగేటప్పుడు మళ్లొచ్చి, పొద్దటి ఆయమ్మను వెంటబెట్టుకొచ్చి, అన్నకే చెప్పింది: "అన్నా, నేను ఇంటికి పోతున్న, ఈ అక్క ఉంటది నీతోని." మేము వరండలకు పోయి ఏడ్చినం. పైసలియ్యబోతే చేతులు వెనకకు పెట్టుకున్నది. ఆమెది కాంట్రాక్టు కొలువు, జీతం టైముకు రాదని తోటివాళ్లు చెప్పిండ్రు. తల్లీ, నీ రుణం తీరదు.

చిన్న డాక్టరుకు కూడ దండం. నోటితోని ఏమియ్యొద్దు అన్నప్పుడు ఫిట్స్ గోలీలు కూడ ఆగిపోతయి, డోసు తప్పితే ఫిట్స్ మీద పడతయి. లెవెటిరాసెటమ్, వాల్ప్రోయేట్ రెండూ ఇంజెక్షన్ల రూపంల ఉన్నయి. మేము అడగకముందే ఆయన కేస్‌షీట్ల రాసిండు. అన్నిచోట్ల రాయరు, అడగాలె.

చెప్పకుండ ఉండలేని బాధ ఒకటున్నది. రక్తసంబంధీకుల సంతకం కావాలని కౌంటరు నుంచి కౌంటరుకు తిప్పిండ్రు. అన్నకు ఎవరూ మిగల్లే. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటది, గార్డియన్‌ను, అంటే ఇట్లాంటివాళ్ల తరఫున సంతకం పెట్టే బాధ్యుణ్ని, అదే నియమిస్తది. బిడ్డకు 18 దాటితే కన్నవాళ్లు కూడ అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలె. మా దరఖాస్తు ఒక ఆఫీసుల పడి ఉన్నది, కదుల్తలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షన్ల కేర్‌గివర్ అలవెన్సు (చూసుకునే మనిషి కోసం ఇచ్చే పైసలు) మాట ఉన్నది, మా ఇంట్ల ఒక్కరికీ అందలే. పింఛను 2023ల 4,016 రూపాయలు చేసిండ్రు. రోజుకు మూడు డైపర్లు పట్టేవాళ్లకు అందుల ఎక్కువ భాగం వాటికే. నేషనల్ ట్రస్టోళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాక ఇస్తది, కానీ బిల్లులు ముందు మనమే కట్టి తర్వాత తెచ్చుకోవాలె. ఆ ముందు కట్టే పైసలు ఎక్కడివి? ఇంట్ల ఇట్లాంటి బిడ్డలున్నవాళ్లు గార్డియన్ కాగితం, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఇప్పుడే చేసిపెట్టుకోండ్రి, ఆపద పూట ఎవ్వరూ చెయ్యరు.

మా అమ్మలు, ఇంటాయనలు, పిల్లలు టిఫిన్ డబ్బాలు మోసిండ్రు. వాళ్లకు వేరే చెప్పేదేమున్నది.

108ల వచ్చిన ఇద్దరు తమ్ముళ్లకు, అన్నను పండబెట్టకుండ కూర్చోబెట్టే తీస్కపోయినందుకు. న్యాప్కిన్లు ఇచ్చింది పక్క మంచం నర్సంపేట పెద్దమ్మ, పైన రాయలే, మన్నించాలె. రాగిజావ చిక్కగ కాచి ఇచ్చిన క్యాంటీను అన్నకు. ములుగు రోడ్డుల అర్ధరాత్రి షట్టరు లేపిన మెడికల్ షాపు పిలగానికి. మేము లేని రాత్రులు ఇంటికాడ మిగతా అందరి గోలీలు, తానాలు ఒక్కతే చూసుకున్న మా చెల్లెకు, నీ పేరు మొదట రాయాల్సింది. ఎక్స్‌రే కాడ అన్నను రెండు దిక్కుల పట్టుకొని నిలబెట్టిన ఇద్దరు పిలగాండ్లు పరకాల దిక్కోళ్లట, ఎవరో తెల్వదు. సల్లగుండుండ్రి బిడ్డా.