మంగళవారం సైన్స్ ల్యాబ్ దగ్గర జరిగింది ఇదీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"బడిలో పిల్లలకి కరెంట్ షాక్ పెడుతున్నారు" అనే వాయిస్ మెసేజ్ మంగళవారం సాయంత్రం నుంచి మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. ఆ రాత్రి పదకొండు దాకా నా ఫోన్ మోగుతూనే ఉంది. ఒక తల్లి ఏడుస్తూ "మేడమ్ గారూ, మా బాబుకి ఏటైపోనాది?" అని అడిగారు. ఆవిడ బాబు ఆరో తరగతి, ల్యాబ్ వైపే రాలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సైన్యంలో పని చేసి వచ్చిన ఒక హవల్దార్ తాతగారు మన బడికి రెండు పాత ఫీల్డ్ టెలిఫోన్లు (యుద్ధభూమిలో వైరు లాగి మాట్లాడుకునే ఫోన్లు) ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఈఈ-8 రకం అవి. సంచిలో పెట్టి భుజాన వేసుకుని వెళ్లేవారు. ఒక్కో పెట్టెలో 1.5 వోల్టుల లావు టార్చి సెల్స్ రెండు ఉంటాయి. మాట పంపడానికి ఆ 3 వోల్టులు చాలు. అవతలి గంట మోగించడానికి మాత్రం సెల్స్‌తో పని లేదు, పక్కనున్న హ్యాండిల్ తిప్పాలి. లోపల అయస్కాంతం మధ్య తీగచుట్ట తిరిగి కరెంటు పుడుతుంది. అది సుమారు 80 వోల్టుల దాకా వెళ్తుంది.

ఆ రోజు నా గది నుంచి ల్యాబ్ వరకు వైరు లాగారు. ల్యాబ్ వైపు తొమ్మిదో తరగతి బాబు రెండు వైర్ల చివరలు గీకి చేతుల్తో పట్టుకుని ఉండగా, ఇటు చివర ఉన్న పిల్లలు తొందరపడి హ్యాండిల్ తిప్పేశారు. బాబు జిల్లుమని వెనక్కి పడ్డాడు, మోచెయ్యి మెట్టుకి గీసుకుంది. వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్లాం, డాక్టర్ గారు చూసి పంపేశారు. బుధవారం ప్రార్థనకి అందరికంటే ముందే వచ్చాడు. బడి కరెంటుకీ ఆ ఫోన్లకీ ఏ సంబంధమూ లేదు. అయినా ఇది చిన్న విషయమని నేను అనను. రెండు చివర్లా పెద్దవాళ్లు ఉండాల్సింది, ఒక చివరే ఉన్నారు. తప్పు మాది, క్షమించండి. ఇకపై వైరు గీకేటప్పుడు అవతలి పెట్టె నుంచి రెండు వైర్లూ విప్పి ఉంచుతాం. ఉరుము వినపడితే బయట వైరు జోలికే వెళ్లం.

ఇక పిల్లల సంగతి చెప్పకుండా ఉండలేను. మొదటి రోజు గంటలు మోగాయి గానీ ల్యాబ్ వాళ్ల మాట నాకు వినపడలేదు. పదో తరగతి అమ్మాయి ఒక్క నిమిషం ఆలోచించి, "గంట మోగిందంటే వైరు బాగుంది మేడమ్. గంటకి సెల్స్ అక్కర్లేదు, మాటకే కావాలి. అంటే ల్యాబ్ ఫోన్‌లో సెల్స్ అయినా, మైక్ అయినా పాడై ఉండొచ్చు" అంది. సెల్స్ కొత్తవే. రిసీవర్‌ని అరచేతిలో రెండుసార్లు తట్టింది. మైక్‌లో గడ్డకట్టిన బొగ్గు రేణువులు విడిపోయి మాట గట్టిగా వచ్చింది! ట్యూషన్‌కి వెళ్లని అమ్మాయి తను. ఒక వైరే లాగి, రెండో వైరు బదులు రెండు చివర్లా ఇనుప కడ్డీలు నేలలో పాతినప్పుడు మన ఉద్దానం ఇసుకలో మాట సన్నగా వచ్చింది. క్లాసులో నోరు విప్పని ఎనిమిదో తరగతి బాబు పరుగెత్తి వెళ్లి, వంటగదిలోంచి ఉప్పునీళ్లు తెచ్చి కడ్డీ చుట్టూ పోశాడు, ఉప్పుతో తడిసిన నేలలో కరెంటు సులువుగా పోతుంది కదా. వాడి ముఖం మీరు చూసి ఉండాల్సింది.



2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చిన తెల్లవారుజాము మనలో ఎవరం మరిచిపోలేదు. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి, కరెంటు పోయింది, సెల్ టవర్లు ఆగిపోయాయి. పక్క ఊళ్లో అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియక చేతిలో ఫోన్ పట్టుకుని ఏడ్చినవాళ్లని నేను చూశాను. మన పిల్లల్లో కొందరికైనా ఒక వైరు, రెండు సెల్స్‌తో మాట ఎలా వెళ్తుందో చేతులారా తెలిసి ఉండాలి. ల్యాబ్‌కి తాళం వేసి పాఠం బోర్డు మీద చెప్పేస్తే ఎవరికీ గాయం కాదు, ఎవరికీ ఏమీ రాదు కూడా. నేను తాళం వేయను. ఈ విషయంలో మీరు నాకు తోడుండాలని చేతులు జోడించి అడుగుతున్నాను.

మరో మాట, నొచ్చుకోకండి. ఆ మెసేజ్‌ని ముందుకు పంపినవాళ్లలో ఒక్కరైనా ముందు బడికి ఫోన్ చేసి ఉంటే ఎంత బాగుండేది! అర్ధరాత్రి వరకు రీల్స్ చూసి మొదటి పీరియడ్‌లో నిద్రపోయే పిల్లల సంఖ్య కూడా పెరుగుతోంది. ఫోన్ మీరే కొనిచ్చారు, తొమ్మిదింటికి తిరిగి తీసుకోవడం కూడా మీ చేతిలోనే ఉంది. ఆ పాత ఫోన్‌లో మాట్లాడేటప్పుడు స్విచ్ నొక్కాలి, అయ్యాక వదిలేయాలి, లేకపోతే సెల్స్ ఊరకే అయిపోతాయి. పిల్లలు ఒక్కరోజులో నేర్చుకున్నారు.

వచ్చే శనివారం ఉదయం పదింటికి ల్యాబ్ దగ్గరకి రండి. హవల్దార్ తాతగారూ వస్తారు. మోచేతికి దెబ్బ తగిలిన బాబు నా గదిలో ఫోన్ దగ్గర కూర్చుంటానని, మొదటి మాట వాళ్లమ్మతోనే మాట్లాడతానని ఇప్పటికే చెప్పాడు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు