సాయంత్రం బడి వార్షిక నివేదిక: పిల్లలు ఎక్కడ ఆగుతున్నారు, అక్కడ ఏం చేయాలి

గౌరవ సభ్యులకు నమస్కారం.

కాలనీ కమ్యూనిటీ హాల్లో సోమవారం నుంచి శుక్రవారం వరకు సాయంత్రం 5.30 నుంచి 7 గంటల దాకా నడుస్తున్న సాయంత్రం బడి గురించిన నివేదిక ఇది. పార్కు, డ్రైనేజీ, సీసీ కెమెరాల పనులు, జమాఖర్చుల వివరాలు నోటీసు బోర్డులో పెట్టాం. వాటిని ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

ఇది హోంవర్క్ చేయించే ట్యూషన్ కాకూడదని కార్యవర్గం తీర్మానించింది. చాలామంది తల్లిదండ్రులు కోరేది మాత్రం హోంవర్కే. ఆరో తరగతి బాబుకు రెండో తరగతి కథ చదవడం రానప్పుడు, వాడి చేత సైన్సు జవాబులు గైడులో చూసి రాయిస్తే నోట్సు నిండుతుంది కానీ చదువు రాదు. అందుకే తరగతిని పక్కన పెట్టి, ఏ పిల్లకు ఎంతవరకు వచ్చో చూసి అక్కడి నుంచే మొదలుపెట్టాం.

ఇది మన సొంత ఆలోచన కాదు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ 2000ల తొలి ఏళ్లలో ముంబై, వడోదరల్లో ‘బాలసఖి’ పేరుతో ఒక పద్ధతి నడిపింది. మూడు, నాలుగు తరగతుల్లో వెనకబడిన పిల్లల్ని స్థానిక యువతులు రోజుకు రెండు గంటలు విడిగా కూర్చోబెట్టి, వాళ్లకు రాని చోటి నుంచి నేర్పారు. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం దాన్ని పరీక్షించి ఫలితం ఉందని 2007లో ప్రచురించింది. 2019లో వాళ్లతో కలిసి నోబెల్ అందుకున్న మైఖేల్ క్రెమర్ కెన్యాలో చేసిన పరిశోధన ఇంకో పాఠం చెబుతుంది. అక్కడ బడులకు పుస్తకాలు పంచితే అప్పటికే బాగా చదివే పిల్లలకే మేలు జరిగింది, మిగతావాళ్లకు ఆ పుస్తకాలు అర్థం కాలేదు. పుస్తకాలు, బ్యాగులు పంచే ఖర్చు తగ్గించి, బోధకుల శిక్షణకు ఎక్కువ పెట్టాలన్న మన నిర్ణయానికి ఇదే ఆధారం. మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతులకు 2022లో మొదలైన తొలిమెట్టు, తర్వాత హైస్కూలు తరగతులకు వచ్చిన ఉన్నతి కార్యక్రమాలు కూడా పిల్లల స్థాయిని చూసి నేర్పమనే చెబుతున్నాయి.

స్థాయి తెలుసుకోవడం

పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2005 నుంచి జరుగుతోంది. ఆ పద్ధతినే తీసుకున్నాం. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టాలి. ముందు ఒకటో తరగతి స్థాయి పేరా ఇవ్వాలి, సాఫీగా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వాలి. పేరా దగ్గరే తడబడితే ఐదు పదాలు చదివించాలి. నాలుగు సరిగ్గా చెబితే పదాల స్థాయి, లేకుంటే అక్షరాలకు దిగాలి. లెక్కల్లో రెండంకెల తీసివేతతో మొదలుపెట్టి, వస్తే భాగహారానికి, రాకపోతే అంకెలు గుర్తుపట్టడానికి వెళ్లాలి. ఒక్కో పిల్లకు ఐదు నుంచి పది నిమిషాలు చాలు.

ఇది రెండు చోట్ల చెడుతుంది. ఒకటి, అందరి చేత కలిపి చదివించడం. గుంపులో గొంతు కలిపే పిల్లకు చదవడం రాదన్న సంగతి నెలల తరబడి బయటపడదు. రెండోది, పరీక్ష పెట్టేవాళ్లు జాలిపడి మొదటి అక్షరం అందించడం. అప్పుడు మనం కొలిచింది మన సాయాన్నే అవుతుంది.

తెలుగు చదవడం

యాభైఆరు అక్షరాలూ వచ్చాకే పదాలు అన్న పద్ధతిలో పిల్లలు మధ్యలోనే జారిపోతారు. అందుకే ప, ల, క, త, డ, వ, గ లాంటి కొన్నింటితోనే పలక, తల, పడవ, గడప చదివించి, దీర్ఘం, గుడి కలిపాం. గుణింతం చార్టు దగ్గర ఒక చిక్కు ఉంది: క, కా, కి, కీ అని పిల్లలు పాటలా అప్పజెబుతారు, కళ్లు మాత్రం చార్టు మీద ఉండవు. దానికి చార్టును అడ్డంగా కాక నిలువుగా చదివించాలి: కి, గి, చి, తి. ఆ తర్వాత మధ్యలో ఎక్కడో వేలు పెట్టి అడగాలి. కొ, కో తేడా, కె, కే తేడా చెవికి తెలియని పిల్లలకు ముందు పలికించి, ఆ తర్వాతే రాయించాలి.

అందరినీ ఎక్కువగా ఆపేది ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు కనుక వాటిని విడిగా నేర్పాలి. అంతకన్నా లోతైన ఇబ్బంది వరుసది. ‘పత్రిక’ అన్న మాటను ‘పతిరక’ అని చదివే పిల్లలు అజాగ్రత్తగా చదవడం లేదు. గుడి ‘త’ మీద ఉంది, ‘ర’ కింద ఉంది, కంటికి ముందు ‘తి’ కనిపిస్తుంది. నోటికి మాత్రం త్, ర్, ఇ అన్న వరుస రావాలి. దీన్ని మూడు అంచెల్లో సరిచేస్తున్నాం. పలక మీద గుడి లేకుండా ‘త్ర’ రాసి చదివించడం, దానికి గుడి పెట్టి ‘త్రి’ అనిపించడం, చివర మొత్తం మాట. ‘తప్పు, మళ్లీ చదువు’ అని పదిసార్లు అన్నా ఇది పోదు.

పెద్ద పిల్లలకు పసిపిల్లల బొమ్మల కథలు ఇస్తే సిగ్గుపడి రావడం మానేస్తారు. వాళ్లకు ఆర్టీసీ బస్సు బోర్డులు, మెట్రో స్టేషన్ల పేర్లు, క్రికెట్ వార్తలు ఇచ్చాం. సికింద్రాబాద్, దిల్‌సుఖ్‌నగర్, మెహదీపట్నం చదవగలిగితే ఒత్తులు, పొల్లులు రెండూ వచ్చినట్టే. ఒకే స్థాయి పిల్లలతో కట్టిన జట్లకు తరగతుల పేర్లు కాక నదుల పేర్లు పెట్టడం కూడా ఇందుకే.

లెక్కలు

52 లోంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లకు తీసివేత రాదనుకోవద్దు. ఏడులోంచి రెండు, ఐదులోంచి రెండు తీసింది. ప్రతి స్థానంలో పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న నియమాన్ని తనే కట్టుకుంది. ఇంకో ఇరవై లెక్కలు ఇస్తే ఆ నియమమే గట్టిపడుతుంది. ఐస్‌క్రీం పుల్లల్ని పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి ఐదు కట్టలు, విడిగా రెండు ఇవ్వాలి. 27 తీయమనాలి. విడి పుల్లలు చాలవు కనుక ఒక కట్ట విప్పక తప్పదు. 12 లోంచి 7, నాలుగు కట్టల్లోంచి రెండు పోతే 25. అప్పు తెచ్చుకోవడం అంటే కట్ట విప్పడమేనని చేతికి తెలిశాకే పలక మీదికి రావాలి. 402 − 178 లాంటివి చివర్లో ఇవ్వాలి. పదుల స్థానంలో సున్నా ఉన్నప్పుడు ముందు వంద కట్ట విప్పాలి, ఆ తర్వాత పది కట్ట.

ఇంట్లో హిందీ, ఉర్దూ మాట్లాడే పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. ‘ఇరవై తొమ్మిది’లో రెండంకెలూ విడిగా వినిపిస్తాయి. ‘ఉన్తీస్’లో వినిపించేది ‘తీస్’, అందుకే 39 అని రాస్తారు. వీళ్లకు అంకెల కార్డు చూపిస్తూ రెండు భాషల్లోనూ పలికించాలి.

మాటల లెక్కల్లో ‘ఎక్కువ’ కనబడగానే కూడేస్తారు. ఒకరి దగ్గర 15 గోళీలు, ఇంకొకరి దగ్గర 9 ఉంటే ఎన్ని ఎక్కువ అంటే 24 అంటారు. అంకెలు దాచి, ముందు కథ చెప్పించుకోవాలి. భిన్నాల్లో 1/2 + 1/3 ను 2/5 అన్నవాళ్లను, 2/5 సగం కన్నా పెద్దదా అని అడగండి. కాగితం మడిచి చూపితే వాళ్లే దిద్దుకుంటారు.

హైస్కూలు పిల్లలు

సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, పక్క పేజీ తెలుగులో ఉంటుంది. తెలుగు పేజీ ముందు చదివి మాట్లాడుకుని, ముఖ్యమైన ఐదు మాటలు ఇంగ్లీషులో గుర్తించి, ఆ తర్వాతే ఇంగ్లీషు పేజీకి వెళ్తున్నాం. తెలుగు పేజీ దాటేస్తే మిగిలేది బట్టీయే.

పదో తరగతి వాళ్లు చదివిందే మళ్లీ మళ్లీ చదువుతుంటారు. రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో, మళ్లీ చదివిన విద్యార్థులు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లకే ఎక్కువ నిలిచింది. అందుకే ప్రతి సాయంత్రం మూడు ప్రశ్నలతో మొదలుపెడుతున్నాం: నిన్నటి పాఠంలోంచి ఒకటి, పోయిన వారం నుంచి ఒకటి, పోయిన నెల నుంచి ఒకటి. పుస్తకం మూసి రాయాలి, ఆ తర్వాత తెరిచి దిద్దుకోవాలి. మొదట్లో పిల్లలకు ఇది నచ్చదు, చాలా తప్పులు వస్తాయి కనుక. అలా తప్పులు వస్తేనే పని జరుగుతున్నట్టని తల్లిదండ్రులకు కూడా చెప్పాలి.

కళ్లు, చెవులు

బోర్డు మీదిది తప్పుగా ఎక్కించే పిల్లను ముందు కంటి పరీక్షకు పంపాలి. దీనికి మెహదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి ఉంది. చెవి విషయంలో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి. రెండూ బాగుండి, సరైన స్థాయిలో నెలల పాటు నేర్పినా అక్షరాలు నిలవకపోతే నిపుణులకు చూపాలి. నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్ని (డిస్లెక్సియా లాంటివి) 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ఆ ముద్ర మనం వేయకూడదు. పేరు పెట్టడం వైద్యుల పని.

సర్వసభ్య సమావేశం ముందుంచే అంశాలు

ఒక వాలంటీరు ఒకే జట్టుతో వారానికి కనీసం మూడు రోజులు ఉండాలి. మనిషి మారినప్పుడల్లా పిల్లల స్థాయిని మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సి వస్తుంది. బతుకమ్మ, దసరా సెలవుల్లో ఉదయం పూట బడి నడపాలని ప్రతిపాదిస్తున్నాం. అప్పుడే నేర్చిన ఒత్తులు, తీసివేతలు ఆ విరామంలో జారిపోతాయి. స్థాయి పరీక్ష ఆరు వారాలకోసారి పెట్టి జట్లు మార్చాలి, లేకపోతే ముందుకెళ్లిన పిల్లలు పాత జట్టులోనే విసిగిపోతారు. పలకలు, గుణింతం చార్టులు, పుల్లలు, రబ్బరు బ్యాండ్లు కావాలి. కొత్త బ్యాగులు వద్దు.

బోధించాలనుకునే సభ్యులు జూన్ 12న బడులు తెరవక ముందే హాల్లోని రిజిస్టరులో పేరు, వీలైన రోజులు రాయాలి. అప్పుడు తొలి వారంలోనే పిల్లలందరి స్థాయీ చూసి జట్లు కట్టగలం.

విద్యా ఉపసంఘం
కార్యవర్గం తరఫున, హైదరాబాద్