కొలోసియం నీరో కట్టించింది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం అనుబంధంలో రోమన్ చక్రవర్తుల ప్యాలెస్‌ల మీద వేసిన వ్యాసం చదివానండీ, ఫొటోలు బాగున్నాయి, కానీ రోమ్‌లోని కొలోసియం, అదే జనాలు పోటీలు చూసే ఆ పెద్ద స్టేడియం, నీరో చక్రవర్తి కట్టించాడని రాసేశారు, అది తప్పు. క్రీ.శ. 64లో రోమ్ తగలబడింది కదా, ఆ కాలిపోయిన జాగాలో నీరో దోముస్ ఔరియా అని, అంటే బంగారు ఇల్లు అని, ఒకటి మొదలెట్టాడు, దానికోసం ఏకంగా ఊరి మధ్యలో ఒక చెరువే తవ్వించాడు. అతను పోయాక వెస్పాసియన్ చక్రవర్తిగా వచ్చి ఆ చెరువు ఎండగట్టించి అక్కడే జనాల కోసం కొలోసియం మొదలెట్టాడు. ఒక్కడి చెరువు ఊరందరిదీ అయింది, అసలు కథ ఇదైతే మీరు తిరగేసి రాశారు.

ఇల్లు పూర్తయ్యాక నీరో "హమ్మయ్య, ఇప్పటికి మనిషిలా ఉండే ఇల్లు దొరికింది" అన్నాడని రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. అదే సుటోనియస్, రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ నలభై ఏళ్లకి పైగా చలికాలం ఎండాకాలం ఒకటే గదిలో పడుకున్నాడని కూడా రాశాడు, మీ వ్యాసంలో అగస్టస్ ఊసే లేదు.

మా అబ్బాయితో వెళ్లి ఆ బంగారు ఇల్లు చూశాను. నెత్తిన హెల్మెట్ పెట్టి లోపలికి పంపారు, బయట ఎండ మండిపోతోంది, లోపల స్వెటర్ లేక నేను వణికిపోయా. బంగారం లేదు ఏం లేదు, తడి ఇటుక గోడలు, అక్కడక్కడా వెలిసిపోయిన బొమ్మలు. ఎనిమిది మూలల గది ఒకటుంది, కప్పు మధ్యలో గుండ్రటి కన్నం, అందులోంచి వెలుగు పడుతుంటే మాత్రం కాసేపు నోట మాట రాలేదు. తర్వాతి చక్రవర్తి ట్రాజన్ ఈ గదుల్ని మట్టితో పూడ్చేసి పైన స్నానశాలలు కట్టించాడు, ఆ మట్టి వల్లే బొమ్మలు మిగిలాయి. 15వ శతాబ్దం చివర్లో గుహలనుకుని తాళ్లు కట్టుకుని దిగి చూశారట, తర్వాత చిత్రకారుడు రాఫెల్ కూడా దిగాడు.

ఇంకోటి, ప్యాలెస్ అన్న మాటే అక్కడి పాలటైన్ కొండ పేరులోంచి వచ్చింది, మన ఫంక్షన్ హాళ్ల బోర్డుల మీద కూడా అదే కదా. ఆ కొండ మీద డొమిషియన్ చక్రవర్తి కట్టించుకున్న ప్యాలెస్‌ని మీరు ఒక్క లైన్‌లో తేల్చేశారు. వెనకాల ఎవరొస్తున్నారో కనపడాలని తను తిరిగే వరండాలకి అద్దంలా మెరిసే రాయి వేయించాడట, అయినా 96లో సొంత పడకగదిలోనే పొడిచి చంపారు.

గ్రూప్స్‌కి చదివే పిల్లలు మీ పేపర్ కత్తిరించి ఫైల్ చేసుకుంటారు, కాబట్టి కొలోసియం సంగతి వచ్చే ఆదివారం సవరణ వేయండి, ఎక్కడో మూల కాదు, అదే పేజీలో.

- ఒక పాత చందాదారు, కాకినాడ