బంగారం గాలింపు విభాగం: వార్షిక నివేదిక (మెల్‌బోర్న్)

సభ్యులందరికీ నమస్కారం.

కొత్త చోట్లు వెతకడం కన్నా, పళ్లెం దాకా వచ్చిన బంగారం మళ్లీ నీళ్లపాలు ఎందుకవుతోందో తేల్చుకోవడానికే ఈ ఏడాది ఎక్కువ సమయం పెట్టాం.

శిక్షణలో సీసం పరీక్ష అందరితో చేయించాం. గాలానికి కట్టే సీసం గుళ్లను సుత్తితో పలచగా కొట్టి, మిల్లీమీటరు ముక్కలు చేసి, 10 ముక్కలు పళ్లెం ఇసుకలో కలిపి గాలించాలి. సీసం సాంద్రత 11.3, బంగారానిది 19.3. సీసం నిలిస్తే అదే సైజు బంగారమూ నిలుస్తుంది. ముక్కలు తగ్గాయంటే కారణం సాధారణంగా తొందరే. పళ్లెం నీళ్లలో ఉండగానే పక్కలకు గట్టిగా కదపాలి, బరువు అడుక్కి దిగాకే ముందుకు వంచి పైపొర వదలాలి. రెండు మూడు సార్లు వదిలాక మళ్లీ కదపాలి. బియ్యంలో రాళ్లు గాలించిన చేతులకు ఇది త్వరగానే పట్టుబడుతుంది.

మన విక్టోరియా రాష్ట్రంలో అసలు శత్రువు బంకమట్టి. ముద్దను బకెట్ నీళ్లలో చేత్తో పూర్తిగా కరిగించాకే జల్లెడ పట్టాలి. కరగని ముద్ద దొర్లుకుంటూ రేణువుల్ని అంటించుకుపోతుంది. సన్న రేణువులు నీటిపై తేలితే ఒక చుక్క గిన్నెల సబ్బు చాలు, కానీ ఇంటి టబ్బులోనే, వాగులో వద్దు. మిగిలిన నల్ల ఇసుకను ఆరబెట్టి, అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పైపైన తిప్పండి. తడి ఇసుక గుత్తులుగా లేచి బంగారాన్నీ లాగేస్తుంది.

స్లూయిస్ పెట్టెకు (పారే నీళ్లలో ఇసుక కొట్టుకుపోతూ, అడ్డుపట్టీల వెనక బంగారం ఆగే వాలు తొట్టి) అడుగుకు అంగుళం వాలుతో మొదలుపెట్టండి. అడ్డుపట్టీల వెనక ఇసుక గట్టిపడితే వాలు తక్కువైనట్టు, పట్టీలు ఖాళీ అయితే ఎక్కువైనట్టు.

పరిశోధన వైపు, జియోవిక్ (విక్టోరియా ప్రభుత్వ ఆన్‌లైన్ గనుల మ్యాపు)లో పాత తవ్వకాలు, భూమి హోదా, అంటే అక్కడ వెతకొచ్చో లేదో, చూసుకోవడం నేర్పాం. పాత బంగారు గనుల ఊరు బల్లారట్ చుట్టూ పాత వాగులు లావా కింద పూడుకుపోయాయి. అక్కడ పైన గాలిస్తే దొరికేది తక్కువ. బంగారు రాయిని పొడి చేసిన పాత మిల్లుల ఇసుకదిబ్బల్లో ఆర్సెనిక్ ఉంటుంది కనుక పిల్లల్ని అటు పోనివ్వకండి. వెండిలా తెల్లగా మెరిసే రేణువు దొరికితే పాదరసం అంటి ఉండవచ్చు, వేడి చేయవద్దు.

మైనర్స్ రైట్ (బంగారం వెతకడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) గడువు 10 ఏళ్లు, మీది చూసుకోండి. దానితో చేతి పనిముట్లే వాడాలి, మోటార్లు కుదరవు. చాలా వాగుల్లో గాలింపు నిషేధం, బయల్దేరే ముందే జాబితా చూడాలి. తవ్విన గుంత అదే రోజు పూడ్చాలి. సంఘం పళ్లేలు, జల్లెడలు తీసుకెళ్లినవారు కడిగి ఆరబెట్టి తిరిగివ్వగలరు.